మూడు పెన్నీల టీ పన్ను గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మూడు పెన్నీల టీ పన్ను గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి. ఉత్తరమన్నాక రాయాలి కాబట్టి కుశలమని రాశాను గానీ, తమరు అమెరికా వలసల మీద బ్రిటిష్ పన్నుగా 1767లో పుట్టి 1778లో కాలం చేసిన సంగతి నాకు తెలియక కాదు. ఆ పదకొండేళ్లలో తమరు సంపాదించి పెట్టిందెంత, పోగొట్టిందెంత అని తమ యజమానులు కూర్చుని లెక్క చూసినట్టు లేదు. ఆ పని కాస్త నేను చేద్దామని.

పౌను టీకి మూడు పెన్నీలు. పౌనంటే అరకిలోకు కొంచెం తక్కువ. ఇంత చిన్న ప్రాణి పదమూడు వలస రాజ్యాలను బ్రిటిష్ సామ్రాజ్యం చేతిలోంచి జారవిడిచిందంటే తమరిని చిన్నచూపు చూడటం తప్పే. పాపం, పన్నుల బరువు మోయలేక అమెరికా వాళ్లు తిరగబడ్డారని మాలో చాలామంది అనుకుంటారు. బ్రిటన్‌లో కాపురమున్నవాడు కట్టే పన్నుల ముందు బోస్టన్‌వాడు కట్టేది ఏ మూలకీ రాదని తమరికి మాత్రం బాగా తెలుసు.

తమరి వంశవృక్షం కాస్త చూడనివ్వండి. ఏడేళ్ల యుద్ధం 1763లో ముగిసింది. ఫ్రాన్సు ఓడింది, బ్రిటన్ గెలిచింది, గెలిచినవాళ్ల నెత్తిన సుమారు 13 కోట్ల పౌండ్ల అప్పు మిగిలింది. అమెరికాలో కాపలాకు సైన్యాన్ని కూడా ఉంచాలన్నారు. "ఇదంతా మీ కోసమేగా, ఖర్చులో మీరూ ఓ చెయ్యి వెయ్యండి" అన్నారు లండన్‌లో. అలా 1764లో తమరి పెద్దన్నగారు, చక్కెర చట్టం, పుట్టుకొచ్చారు. ఆయన మొలాసిస్ (చక్కెర తీయగా మిగిలే మడ్డి పాకం) మీద గాలన్‌కు ఆరు పెన్నీలున్న సుంకాన్ని మూడుకు తగ్గించారు. తగ్గించినందుకు గోల! ఎందుకంటే ఆరు పెన్నీలు కాగితం మీద ఉండేవి, కట్టినవాళ్లు తక్కువ. ఈ మూడు నిజంగానే వసూలు చేస్తామన్నారు.

రెండో అన్నగారు స్టాంపు పన్ను, 1765. ఈయన చేసిన పని చూస్తే జాలేస్తుంది. పత్రికల మీద, కోర్టు కాగితాల మీద, సారాకొట్ల లైసెన్సుల మీద, చదువు పట్టాల మీద, చివరికి పేకముక్కల మీదా పాచికల మీదా స్టాంపు ఉండాల్సిందే. అంటే లాయర్లు, పత్రికలవాళ్లు, కల్లు దుకాణం దగ్గర రాజకీయాలు మాట్లాడేవాళ్లు, పేకాటరాయుళ్లు... ఊళ్లో నోరున్న ప్రతివాడినీ ఒక్క చట్టంతో గిల్లి వదిలారు. ఆగస్టు 14న బోస్టన్‌లో స్టాంపులు పంచాల్సిన ఆండ్రూ ఆలివర్ బొమ్మను చెట్టుకు వేలాడదీశారు. ఆయన ఉద్యోగానికో దండం పెట్టేశాడు. నవంబరు 1న చట్టం అమల్లోకి వచ్చే రోజుకు, స్టాంపులు అమ్మడానికి దాదాపు ఎక్కడా మనిషి లేడు. 1766 మార్చిలో పార్లమెంటు దాన్ని రద్దు చేసింది. రద్దు చేసిన రోజే ఇంకో చట్టం తెచ్చింది: ఏ విషయంలోనైనా సరే, మీ మీద చట్టాలు చేసే హక్కు మాకుంది అని. చింత చచ్చినా పులుపు చావలేదన్నమాట.

ఆ పులుపులోంచే తమరి జననం. ఖజానా మంత్రి చార్లెస్ టౌన్‌షెండ్ గాజు, సీసం, రంగులు, కాగితం, టీ, వీటి మీద సుంకాలు వేసి, అవి అమల్లోకి రాకముందే 1767 సెప్టెంబరులో కన్నుమూశాడు. ఈ వంశంలో తెలివైనవాడు ఆయనొక్కడే.

అయ్యా, తమరి అసలు గుట్టు ఇక్కడుంది. తమరి మీద వచ్చే సొమ్ముతో వలస రాజ్యాల గవర్నర్లకు, జడ్జీలకు జీతాలివ్వాలన్నది టౌన్‌షెండ్ పథకం. అంతవరకు ఆ జీతాలు చాలాచోట్ల స్థానిక శాసనసభల చేతిలో ఉండేవి. గవర్నరు మాట వినకపోతే ఆ ఏడాది జీతం వాయిదా పడేది. గవర్నరు గారికి జనం మీద ప్రేమ దానంతటదే పుట్టుకొచ్చేది. తమరొచ్చి ఆ తాడు తెంపేశారు. జీతం ఎవరిస్తారో నౌకరు వాళ్ల మాటే వింటాడన్న చిన్న సంగతి మాసచుసెట్స్ రైతులకు తెలిసినంతగా లండన్ మంత్రులకు తెలియదా? తెలుసు. తెలిసే చేశారు.

సరే, వ్యాపారులు బ్రిటిష్ సరుకు కొనడం మానేశారు. 1769లో మంత్రివర్గం కూర్చుని, మిగతా సుంకాలు ఎత్తేద్దాం, టీ సంగతేమిటని ఓటు వేసుకుంది. అయిదు నాలుగు తేడాతో తమరు బతికిపోయారు. ఒక్క ఓటు! మన పెళ్లిళ్లలో మగపెళ్లివారు "కట్నం వద్దులెండి, ఆడపడుచు లాంఛనం మాత్రం ఇప్పించండి, డబ్బు కోసం కాదు, మర్యాద కోసం" అంటారే, అచ్చం అదే. ఈ రద్దు ప్రతిపాదనను ప్రధానమంత్రి లార్డ్ నార్త్ సభలో పెట్టింది 1770 మార్చి 5న. సరిగ్గా అదే రోజు బోస్టన్‌లో సైనికులు కాల్పులు జరిపి అయిదుగురిని చంపారు. ఈ వార్త అటు, ఆ వార్త ఇటు, సముద్రం దాటడానికి వారాలు పట్టింది.

తరువాత ఈస్టిండియా కంపెనీ రంగప్రవేశం. ఈ దొరలు మాకు బాగా పరిచయం. అటు స్టాంపు చట్టం వచ్చిన 1765లోనే ఇటు మొగలు చక్రవర్తి నుంచి బెంగాల్ దివానీని (అంటే శిస్తు వసూలు హక్కును), దాంతోపాటు మా ఉత్తర సర్కారులనూ రాయించుకున్నారు. 1770లో బెంగాల్‌లో కరువొచ్చి లక్షల మంది చనిపోతున్నా శిస్తు ఆపలేదు, 1771లో వాటాదార్లకు పన్నెండున్నర శాతం పంచిపెట్టారు. ఆ వెంటనే దివాలా అంచుకొచ్చి సర్కారు ముందు చెయ్యి చాచారు. గోదాముల్లో కోటీ డెబ్బై లక్షల పౌన్ల టీ మూలుగుతోంది. (అస్సాం టీ అనుకునేరు, అప్పటికి ఆ తోటల్లేవు. ఇదంతా చైనా సరుకు.) 1773లో టీ చట్టం చేసి, ఇంగ్లండులో కట్టే సుంకాలు కంపెనీకి వాపసు ఇచ్చి, టీని నేరుగా అమెరికాలో అమ్ముకోమన్నారు. దాంతో దొంగచాటుగా వచ్చే డచ్చి టీ కన్నా కంపెనీ టీయే చవకవుతుందని లెక్క. తమరిని కూడా ఆ ఊపులో ఎత్తేస్తే కథ అక్కడితో ముగిసేది. కొందరు ఎత్తేయమన్నారు కూడా. నార్త్ గారు ససేమిరా అన్నారు.

చవకగా ఇస్తానంటే కొట్టడానికొచ్చిన జనం చరిత్రలో అరుదు. ఆ ఘనత తమరిదే. బోస్టన్‌లో టీ అమ్మే ఏజెన్సీ దొరికినవాళ్లలో మాసచుసెట్స్ గవర్నరు హచిన్సన్ కొడుకులిద్దరున్నారు. గవర్నరు గారి జీతమేమో తమరి సొమ్ములోంచే. పన్ను కట్టకుండా ఓడలు వెనక్కి వెళ్లడానికి వీల్లేదని ఆయన భీష్మించాడు. 1773 డిసెంబరు 16 రాత్రి, పన్ను కట్టే గడువు తెల్లారితే ముగుస్తుందనగా, మోహాక్ అనే అమెరికా ఆదివాసీ తెగవాళ్లలా వేషాలు వేసుకున్న మనుషులు మూడు ఓడలెక్కారు. మూడు గంటల్లో 342 పెట్టెలు పగలగొట్టి సముద్రంలో కుమ్మరించారు. ఎవరిదో తాళంకప్ప విరిగితే దానికి బదులు కొత్తది తెచ్చిచ్చారు. కోటు లోపల టీ కుక్కుకుంటున్న ఒకణ్ణి పట్టుకుని బట్టలూడదీశారు. ఆటుపోటు తక్కువగా ఉండటంతో టీ గడ్డివాముల్లా పేరుకుపోయింది. తేలుతున్న దాన్ని మర్నాడు పడవల మీద వెళ్లి తెడ్లతో బాది ముంచారు, ఎవరూ ఏరుకుపోకుండా. ఇంత శ్రద్ధగా చేసిన విధ్వంసం నేనింకోటి వినలేదు. ఇక స్వేచ్ఛ కోసం ఇంత తపించినవాళ్లలో ఎందరి ఇళ్లలో బానిసలు టీ కాచిపెట్టేవారో ఆ సంగతి ప్రస్తుతానికి వదిలేద్దాం. వేషానికి మాత్రం మోహాక్‌లు కావాలి.

ఆ తరువాత జరిగింది తమరికి తెలుసు. టీ ఖరీదు కట్టేదాకా బోస్టన్ రేవు మూసేశారు, పన్నెండు రాజ్యాల ప్రతినిధులు 1774లో ఫిలడెల్ఫియాలో కలిశారు, 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్‌లో తుపాకులు పేలి యుద్ధం మొదలైంది. మధ్యలో ఒక ముచ్చట చెప్పాలి. 1774 వేసవిలో, తర్వాత అమెరికా అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ గుర్రం మీద చాలా దూరం వచ్చి ఒక సత్రంలో దిగి, "పన్ను కట్టని, నిజాయతీగా దొంగతనంగా తెచ్చిన టీ ఉంటే ఇప్పిస్తారా అమ్మా?" అని అడిగాడు. టీ మానేశామండీ, కాఫీ కావాలంటే పెడతానంది ఆవిడ. తన భార్యకు రాసిన ఉత్తరంలో ఈ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. నిజాయతీగల దొంగ టీ! ఒక మనిషి దాహాన్ని అంతటి సిద్ధాంతంగా మార్చింది తమరే.

1778లో పార్లమెంటుకు జ్ఞానోదయమైంది. ఆదాయం కోసం వలసల మీద ఇక పన్నులు వేయబోమని చట్టం చేసి, తమరిని రద్దు చేసి, రాజీ మాట్లాడమని మనుషులను పంపింది. అప్పటికే అమెరికా, ఫ్రాన్సు ఒప్పందం చేసుకున్నాయి. చేతులు కాలాయి, ఆకులు మాత్రం సముద్రంలో ఉన్నాయి. 1781లో యార్క్‌టౌన్ దగ్గర బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ సైన్యం ఆయుధాలు అప్పగించింది.

ఆ కార్న్‌వాలిస్‌నే 1786లో మా దేశానికి గవర్నర్ జనరల్‌గా పంపారు. అక్కడ పన్ను దగ్గర దెబ్బతిన్న రాజ్యం ఇక్కడ శిస్తు పద్ధతి నేర్పింది. 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు, 1802 తర్వాత మా ఉత్తర సర్కారుల్లోనూ. మా రైతును ఓటెవరు అడిగారు? ఓడలెక్కి పారబోయడానికి ఆయన దగ్గర పెట్టెలూ లేవు. తమరి దగ్గరి చుట్టం ఉప్పు పన్ను సంగతి వేరే ఉత్తరంలో రాస్తాను.

ఇట్లు,
తమ భవదీయుడు,
రోజుకు నాలుగు టీలు తాగేవాడు

తా.క.: చార్లెస్టన్ రేవుకు చేరిన టీని పన్ను కట్టలేదని కస్టమ్స్ వాళ్లు జప్తు చేసి ఒక భవనం నేలమాళిగలో పెట్టారు. 1776లో తిరుగుబాటుదారులు దాన్ని అమ్మి ఆ డబ్బు యుద్ధానికి వాడుకున్నారు. అందులో తమరి వాటా మూడు పెన్నీలు లండన్‌కు ఎవరూ పంపలేదు.