మొదటి పది నిమిషాలకూ బడ్జెట్ కావాలి

బెంగళూరు నగరత్‌పేటలో 2025 ఆగస్టు 16 తెల్లవారుజామున అంటుకున్న మంటలు ఐదుగురిని బలి తీసుకున్నాయి. వారిలో నలుగురు ఒకే ఇంటివాళ్లు. చిక్‌పేట, బళేపేట, అవెన్యూ రోడ్డు సందుల్లో తరాలుగా వ్యాపారం చేసుకుంటున్న మన తెలుగు కుటుంబాలకు అక్కడి పరిస్థితి వేరే చెప్పనక్కర్లేదు. కింద దుకాణం, మధ్యలో గోడౌన్, పైన కాపురం, అన్నిటికీ కలిపి ఒకటే మెట్ల దారి. ఫైరింజను వచ్చినా సందు మొదట్లోనే ఆగిపోతుంది. ముందు అడ్డంగా పెట్టిన స్కూటర్లు తీయాలి, సరుకు దింపుతున్న ఆటోను పక్కకు జరపాలి, తలకు తగిలేలా వేలాడుతున్న కేబుల్ తీగల్ని తప్పించుకోవాలి. అక్కడి నుంచి సిబ్బంది హోస్ పైపులు ఒకదానికొకటి తగిలించుకుంటూ పరుగెత్తాలి. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. కానీ ఈలోగా పొగ పై అంతస్తుకు చేరిపోతుంది. ఇలాంటి ప్రమాదాల్లో మంట కంటే ముందు ప్రాణం తీసేది ఆ పొగే.

మంట అంటుకున్న మొదటి పది నిమిషాల్లో అక్కడ ఉండగలిగేది ఆ వీధివాళ్లు మాత్రమే. మెయిన్ స్విచ్ ఎక్కడుందో, ఏ ఇంట్లో మంచం మీది నుంచి లేవలేని ముసలాయన ఉన్నాడో, ఏ మిద్దె మీది నుంచి పక్క మిద్దెకు దాటొచ్చో వాళ్లకే తెలుసు. వాళ్లలో కొందరికి శిక్షణ, సామగ్రి, బీమా ఇచ్చి, వార్డుకో వాలంటీర్ ఫైర్ దళాన్ని నిలబెట్టాలని, అందుకు ప్రభుత్వం ఏటా ప్రత్యేకంగా నిధులు కేటాయించాలని మేం కోరుతున్నాం.

డబ్బు అసలే రావడం లేదని మేం అనడం లేదు. 15వ ఆర్థిక సంఘం సిఫార్సు మేరకు రాష్ట్రాల అగ్నిమాపక సేవల విస్తరణకు, ఆధునికీకరణకు కేంద్రం 5,000 కోట్ల రూపాయల పథకాన్ని 2023లో ప్రకటించింది. కర్ణాటక వంటి రాష్ట్రాల్లో ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రమే పెట్టుకోవాలి. అదే ఏడాది కర్ణాటక కోట్లు వెచ్చించి 90 మీటర్ల ఎత్తుకు చేరే నిచ్చెన వాహనాన్ని తెప్పించింది. 2010 ఫిబ్రవరి 23న ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని కార్ల్‌టన్ టవర్స్‌లో తొమ్మిది మంది చనిపోవడం చూసిన ఊరు ఇది. అలాంటి నిచ్చెన ఉండి తీరాల్సిందే. కాకపోతే అది బళేపేట సందులోకి రాదు. మారతహళ్లి పీజీల (పేయింగ్ గెస్ట్ హాస్టళ్ల) మధ్యకూ రాదు.

ఆ పీజీల గురించి కాస్త వివరంగా చెప్పాలి. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు నుంచి చదువుకో, ఉద్యోగానికో వచ్చిన మన పిల్లలు వేలల్లో ఉండేది వీటిల్లోనే. చాలాచోట్ల వంటగది గ్రౌండ్ ఫ్లోర్‌లో, మెట్ల పక్కనే ఉంటుంది. గ్యాస్ సిలిండర్లు అక్కడే వరసగా పెట్టి ఉంటాయి. కిటికీలకు గ్రిల్స్, మిద్దె తలుపుకు తాళం. గోడకు మంటలార్పే ఎర్ర సిలిండర్ ఒకటి వేలాడుతుంటుంది గానీ, దాని మీద చీటీలో తేదీ దాటిపోయి ఉంటుంది, పిన్నుకు తుప్పు పట్టి ఉంటుంది. దాన్ని ఎలా వాడాలో వంటమనిషికి ఎవరూ చెప్పి ఉండరు. పిల్లల్ని అక్కడ దింపి వెళ్లే తల్లిదండ్రులు భోజనం ఎలా ఉందో, వైఫై ఉందో లేదో అడుగుతారు. మిద్దె తలుపు తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా అడగండి.

వాలంటీర్ దళమంటే కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. వాలంటీర్లను చేర్చుకుని సహాయక దళం ఏర్పాటు చేసుకునే వీలు 1964 నాటి కర్ణాటక అగ్నిమాపక చట్టంలోనే ఉంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ‘ఆపద మిత్ర’ పథకం కింద 350 జిల్లాల్లో లక్ష మంది వాలంటీర్లకు విపత్తు సహాయంలో శిక్షణ ఇవ్వడానికి సుమారు 369 కోట్లు కేటాయించారు. 12 రోజుల శిక్షణ, కిట్టు, బీమా అన్నీ అందులోనే. తలకు 37 వేలు కూడా పడలేదు. ఈ లెక్కన వందమంది దళానికి 37 లక్షలు. పొగ మాస్కులు, హెల్మెట్లు, హోస్ పైపులకు ఇంకొంత కలిపినా బెంగళూరులో ఒక చిన్న ఫ్లాటు ధర దాటదు.

మనవాళ్లు లేని ఊరంటూ లేని అమెరికాలో అగ్నిమాపక సిబ్బందిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది వాలంటీర్లే. జీతం తీసుకోరు కదా అని అక్కడి ప్రభుత్వం వాళ్లను గాలికి వదిలేయలేదు. రక్షణ దుస్తులకు, శిక్షణకు, కొత్తవాళ్లను చేర్చుకుని నిలుపుకోవడానికి కూడా ఫెడరల్ గ్రాంట్లు ఇస్తోంది. అది చాలడం లేదన్న గొడవ అక్కడా ఉంది. మనిషి సమయం ఉచితంగా ఇవ్వొచ్చు గానీ హెల్మెట్, బూట్లు ఉచితంగా రావు.

ఇక్కడ ఒక భయం ఉంది, అది న్యాయమైనదే. వాలంటీర్లు దొరికారు కదా అని ప్రభుత్వం ఖాళీ పోస్టులు భర్తీ చేయడం మానేస్తే ఎలా? అలా జరగనివ్వకూడదు. మంటల్లోకి దూకాల్సింది శాఖ సిబ్బందే. కరెంటు ఆపడం, గ్యాస్ కట్టేయడం, తలుపులు కొట్టి అందర్నీ లేపడం, దారి ఖాళీ చేయించడం, లోపల ఇంకా ఎవరున్నారో ఫైరింజను దిగినవాళ్లకు చెప్పడం వాలంటీర్ల పని. ఈ హద్దు ఉత్తర్వుల్లోనే స్పష్టంగా రాయాలి. దళం నిధికి, నియామకాల పద్దుకు సంబంధం ఉండకూడదు.

రాజ్యాంగం 12వ షెడ్యూలు అగ్నిమాపక సేవల్ని నగరపాలక సంస్థలకు అప్పగించదగ్గ పనుల్లో చేర్చింది. 2025 సెప్టెంబరు నుంచి బెంగళూరుకు ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. ఒక్కొక్కటీ తన బడ్జెట్‌లో దీనికో పద్దు పెట్టాలి. దానికి సమానమైన మొత్తాన్ని రాష్ట్ర ప్రభుత్వం కలపాలి. పాత పేటలతో, పీజీలు కిక్కిరిసిన వార్డులతో మొదలుపెట్టాలి. శిక్షణ కన్నడతో పాటు తెలుగు, తమిళం, ఉర్దూ, హిందీల్లోనూ ఉండాలి, ఎందుకంటే గోడౌన్లో రాత్రి పడుకునే హమాలీకి, పీజీ వంటమనిషికి అర్థమైతేనే అది శిక్షణ. బీమా కాగితం చేతికి రాకుండా ఒక్క వాలంటీరునూ మంట దరిదాపులకు పంపకూడదు. ఆ ప్రీమియం మొదటి ఏడాది నుంచీ ప్రభుత్వమే కట్టాలి.