మెడ సిర సన్నగా ఉంటే ఎమ్మెస్ వస్తుందా?

"మెడ సిరలు మూసుకుపోవడం వల్లే మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్మెస్, ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాము నరాల పొరని దెబ్బతీసే జబ్బు) వస్తుంది, సిరలోకి బెలూన్ పంపి తెరిస్తే నయమవుతుంది, మందుల కంపెనీలు దీన్ని తొక్కిపెట్టాయి" అనే ప్రచారం ఏళ్ల తరబడి తిరుగుతోంది. జబ్బుతో అవస్థ పడేవాళ్లు దీన్ని నమ్మి ఆశ పెట్టుకుంటున్నారు, అందుకే ఒక్కో మాటా తేల్చాలి.

"ఈ సిర మూసుకుపోవడం రోగులందరిలో కనిపించింది" అంటారు. 2009లో ఇటలీలోని ఫెరారాలో పావోలో జాంబోనీ అనే సర్జన్ 65 మంది రోగుల్ని చూసి అలాగే రాశారు. మిగతా పరిశోధకులు చూస్తే అది నిలవలేదు. 2013లో కెనడా పరిశోధకులు సిరలోకి సన్న గొట్టం పంపి చేసే కాథెటర్ పరీక్ష చేసి, ఎవరు రోగో తెలియనివాళ్లతో ఆ చిత్రాలు చదివించారు: సగానికి పైగా సన్నబడిన సిర రోగుల్లో 74 శాతం మందికి, వాళ్ల తోబుట్టువుల్లో 66 శాతం మందికి, చుట్టరికం లేని ఆరోగ్యవంతుల్లో 70 శాతం మందికి ఉంది.

"స్కాన్‌లో సన్నగా ఉందంటే బ్లాకే" అనేది అసలు తప్పు. చాలామందిలో మెదడు పైభాగం రక్తం కుడివైపుకే ఎక్కువగా దిగుతుంది కాబట్టి కుడి జుగులర్ సిర (మెదడు రక్తాన్ని కిందికి దించే మెడ సిర) లావుగా, ఎడమది చిన్నగా ఉంటుంది. కొందరికి ఎడమ ట్రాన్స్‌వర్స్ సైనస్ (పుర్రె లోపల వెనకవైపు ఉండే రక్తపు దారి) స్కాన్‌లో దాదాపు కనిపించదు, అయినా నిక్షేపంగా ఉంటారు. పైగా జుగులర్ చాలా మెత్తన. అల్ట్రాసౌండ్ చేసేటప్పుడు ఊపిరి బిగబడితే ఉబ్బుతుంది, తల పక్కకి తిప్పితే అణిగిపోతుంది, ప్రోబ్ కాస్త గట్టిగా నొక్కితే తెర మీద మాయమవుతుంది. లేచి కూర్చుంటే అది ముడుచుకుపోయి రక్తం వెన్నెముక చుట్టూ ఉన్న సిరల్లోంచి దిగుతుంది. కొన్ని మెడ క్యాన్సర్ ఆపరేషన్లలో ఒక పక్క జుగులర్‌ని తీసేస్తారు కూడా, దానివల్ల ఎమ్మెస్ వస్తుందని తేలలేదు.

"చేయించుకుంటే పోయేదేముంది?" ప్రాణం పోవచ్చు. 2012లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది ఇందుకే: సిర తెరిచి ఉంచడానికి పెట్టే స్టెంట్ (జాలీ గొట్టం) జారిపోవడం, సిర దెబ్బతినడం, స్ట్రోక్, మరణాలు.

ఇక తొక్కిపెట్టారన్న మాట. జాంబోనీ స్వయంగా ముందుండి నడిపిన ట్రయల్ ఫలితాలు 2017లో వచ్చాయి, ఎమ్మెస్‌కి ఈ చికిత్స సిఫార్సు చేయలేమని అందులోనే రాశారు. కెనడా ట్రయల్‌లోనూ లాభం కనిపించలేదు.

మీ రిపోర్టులో "హైపోప్లాస్టిక్" అని ఉంటే న్యూరాలజిస్టుని ఒకటే అడగండి: ఇది పుట్టుకతో చిన్నగా ఉన్న సిరా, లేక లోపల రక్తం గడ్డ కట్టిందా? గడ్డ ఉంటే వైద్యం తప్పనిసరి, దాని దారి వేరు. బెలూన్ కోసం ఎమ్మెస్ మందులు మాత్రం ఆపకండి.