క్రిమియా గురించి ఇంత మాట్లాడతారు, హాజీ గిరాయ్ పేరు ఎందుకు ఎత్తరు?

రెండు రోజుల క్రితం మా క్లాస్‌మేట్స్ వాట్సాప్ గ్రూపులో రష్యా, యుక్రెయిన్ గొడవ మీద పెద్ద వాదన నడిచింది. ఒకడు "క్రిమియా ఎప్పటి నుంచో రష్యాదే కదరా" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఇంకొకడు "1954లో యుక్రెయిన్‌కి ఇచ్చేశారు, అయిపోయింది" అన్నాడు. అర్ధరాత్రి దాకా మెసేజీలు. ఒక్కదానిలో కూడా తాతార్ అనే మాట లేదు. నల్లసముద్రంలోకి చొచ్చుకొచ్చిన ఆ ద్వీపకల్పంలో శతాబ్దాలుగా బతికిన ముస్లిం జనం వాళ్ళు. నాకు నిజంగా బాధేసింది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

"ఎప్పటి నుంచో" అంటే 1783 నుంచి. ఆ ఏడాది రష్యా మహారాణి రెండో కాథరిన్ క్రిమియాను రష్యాలో కలిపేసుకుంది. అంతకుముందు మూడు వందల నలభై ఏళ్ళు అక్కడ ఒకే వంశం ఏలింది. ఆ వంశానికి మూలపురుషుడు హాజీ గిరాయ్.

ఆయన చెంగిజ్ ఖాన్ సంతతి. కానీ పుట్టింది లిథువేనియా రాజ్యంలో, ఇప్పుడు బెలారస్‌లో ఉన్న లీదా అనే ఊళ్ళో అని చెబుతారు. చెంగిజ్ ఖాన్ వారసుల పెద్ద రాజ్యం గోల్డెన్ హోర్డ్ ముక్కలైపోతున్న రోజులవి. సింహాసనం కోసం అన్నదమ్ములు ఒకరినొకరు చంపుకుంటుంటే, ఓడినవాళ్ళు లిథువేనియాలో తలదాచుకునేవారు. అలా పరాయి నేల నుంచి వచ్చినవాడు క్రిమియాలో ఖాన్ అయ్యాడు. ఆయన పేరుతో 1441-42 నాటి నాణేలు దొరికాయి. సొంత నాణెం వేయించడమంటే "నా పైన ఇంకెవరూ లేరు" అని చాటడమే.

అయితే కత్తి పట్టుకుని ఒక్కడే గెలిచేశాడని అనుకోవద్దు. షిరిన్ లాంటి పెద్ద తెగల నాయకులు, అంటే బేలు, ఒప్పుకోకపోతే అక్కడ ఎవడూ ఖాన్‌గా నిలవలేడు. వాళ్ళ అండ ఆయనకు దొరికింది. ఇక చుట్టూ చూస్తే అన్నీ పక్కలో బల్లేలే. తూర్పున గోల్డెన్ హోర్డ్‌లో మిగిలిన ముక్క గ్రేట్ హోర్డ్, తీరంలో కఫ్ఫా రేవును పట్టుకుని కూర్చున్న ఇటలీలోని జెనోవా వర్తకులు, 1453లో కాన్‌స్టాంటినోపుల్ పడిపోయాక సముద్రం అవతల ఒట్టోమన్ తుర్కులు. హాజీ గిరాయ్ ఉత్తరాన పోలండ్-లిథువేనియా రాజు కాజిమిర్‌తో స్నేహం నిలుపుకున్నాడు. 1454లో ఒట్టోమన్ నౌకలు కఫ్ఫా మీదికి వచ్చినప్పుడు తన గుర్రపు దళంతో వెళ్ళి వాళ్ళతో కలిశాడు. జెనోవా వాళ్ళు కప్పం కట్టడానికి ఒప్పుకోక తప్పలేదు.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది 1465. గ్రేట్ హోర్డ్ ఖాన్ మాస్కో మీదికి సైన్యంతో బయలుదేరితే, డాన్ నది దగ్గర అడ్డుపడి దెబ్బకొట్టింది ఈ హాజీ గిరాయే. ఈ మాట రష్యా పాత చరిత్ర రాతల్లోనే ఉంది. ఆ ఏడాది మాస్కో బతికిపోయింది ఒక క్రిమియా తాతార్ వల్ల!

"క్రిమియా ఖాన్‌లు ఒట్టోమన్ల సామంతులే కదా" అంటారు. ఆయన కాదు. ఆయన 1466లో చనిపోయాడు. ఆ తర్వాత కొడుకులు కొట్టుకున్నారు. 1475లో ఒట్టోమన్లు కఫ్ఫాను పట్టుకున్నారు, మూడేళ్ళకు ఆ కొడుకుల్లో ఒకడైన మెంగ్లీ గిరాయ్ ఒట్టోమన్ సుల్తాన్ అండతో గద్దెనెక్కాడు. సామంతులయ్యింది అప్పుడు. ఆ తర్వాత కూడా సుల్తాన్ ఒక ఖాన్‌ను దించితే మళ్ళీ గిరాయ్ ఇంటి మనిషినే కూర్చోబెట్టాలి. ఆ పేరుకున్న బలం అది.

ఇంకో మాట కూడా దాచను. ఆ వంశం చేతులకు రక్తం లేదని నేను అనను. మెంగ్లీ 1482లో కీవ్‌ను దోచి తగలబెట్టాడు. తరతరాలుగా యుక్రెయిన్, పోలండ్, రష్యా పల్లెల నుంచి మనుషుల్ని పట్టుకొచ్చి కఫ్ఫా సంతలో బానిసలుగా అమ్మారు. ఘోరం. ఆ ఘోరాన్ని తప్పకుండా చెప్పాలి. కానీ అదొక్కటే చెప్పి, ఈ జనానికి ఒక రాజ్యం ఉండేదన్న సంగతిని మింగేస్తే ఎలా?

ఎందుకంటే మింగేయడం వల్లే ఆ తర్వాతివి తేలికయ్యాయి. 1944 మే 18న స్టాలిన్ మనుషులు తెల్లవారుజామున తలుపులు కొట్టారు. మూడు రోజుల్లో దాదాపు 1,90,000 మంది తాతార్లను గూడ్సు రైళ్ళలో కుక్కి ఎక్కువమందిని ఉజ్బెకిస్తాన్‌కు పంపేశారు. అప్పటికి సోవియట్ ఎర్రసైన్యంలో పోరాడుతున్న తాతార్ సిపాయిలకు కూడా యుద్ధం అయ్యాక ఇంటికి వెళ్ళే దారి లేకుండా చేశారు. ఊళ్ళ పేర్లు మార్చేశారు. కరాసుబజార్ బెలోగోర్స్క్ అయిపోయింది. 1980ల చివరిదాకా వాళ్ళను పెద్ద సంఖ్యలో తిరిగి రానివ్వలేదు.

మా బంధువుల అబ్బాయి క్రిమియాలోని సింఫెరోపోల్‌లో మెడిసిన్ చదివాడు. మన దేశం నుంచి ఎంతోమంది పిల్లలు అక్కడ చదివారు. ఆ ఊరికి తాతార్ల పేరు అక్‌మెస్జిత్, అంటే తెల్ల మసీదు. ఐదేళ్ళున్నా ఆ పేరు అతనికి ఎవరూ చెప్పలేదు. అతను అద్దెకున్న ఇంటావిడ తాతార్, అరవైకి దగ్గరపడ్డ మనిషి. తాను ఉజ్బెకిస్తాన్‌లో పుట్టానని ఒకసారి చెప్పిందట. క్రిమియా వాళ్ళు అంత దూరంలో ఎందుకు పుట్టారని ఈ అబ్బాయి అప్పుడు అడగలేదు. మొన్న ఫోన్లో నేను ఈ సంగతులన్నీ చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆమె నంబర్ ఇంకా ఉందేమో వెతుకుతా" అన్నాడు.