సవరణ: స్ట్రెంగ్త్ కార్డు గురించి

జోస్యానికి వాడే టారో కార్డుల్లో ఒకటైన స్ట్రెంగ్త్ (బలం) కార్డు మీద ఇదివరకు నేను రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. రైడర్-వెయిట్ అనే డెక్ (కార్డుల కట్ట)‌లో దాని సంఖ్య 11 అన్నాను, కార్డు బొమ్మలోని అమ్మాయి బలవంతంగా సింహం నోరు తెరుస్తోందని కూడా రాశాను. రెండూ తప్పే.

1909లో వచ్చిన ఆ డెక్‌లో స్ట్రెంగ్త్ సంఖ్య 8, జస్టిస్ (న్యాయం) కార్డు సంఖ్య 11. పాత మార్సేయ్ డెక్‌లో ఇది తిరగబడి ఉంటుంది. నా గందరగోళం అక్కడిదే. ఈ మార్పుకి కారణం రాశులు. స్ట్రెంగ్త్‌ని సింహరాశితో, జస్టిస్‌ని తులతో జత కట్టారు కాబట్టి రాశుల వరుసలో సింహం ముందు రావాలి.

అసలు పొరపాటు రెండోది. ఆమె సింహం నోరు మూస్తోందని ఆ డెక్ రూపకర్త వెయిట్ స్వయంగా రాశాడు. పమేలా కోల్మన్ స్మిత్ గీసిన బొమ్మని ఇంకోసారి దగ్గరగా చూడండి: తెల్లని గౌను, నడుముకి పూలదండ, తల మీద అడ్డంగా పడుకున్న ఎనిమిది లాంటి అనంత చిహ్నం. చేతుల్లో ఎక్కడా బిగువు లేదు. సింహమేమో నాలుక చాపి, తోక కాళ్ల మధ్య ముడుచుకుని, పెంపుడు కుక్కలా తల ఎత్తి చూస్తోంది! ఇంత కనబడుతుంటే ‘పోరాటం’ అని ఎలా రాశానో నాకే అర్థం కాలేదు.

దుడ్డుకర్రతో సింహాన్ని కొట్టే మగమనిషి బొమ్మ కూడా ఉంది, కానీ అది 15వ శతాబ్దపు విస్కాంటి-స్ఫోర్జా డెక్‌లోది. కాబట్టి ‘ఎదురు తిరిగి గెలువు’ అని నేను చెప్పిన అర్థం కొట్టేయండి. ఈ కార్డు చెప్పేది ఓర్పు, తన కోపాన్ని తానే మచ్చిక చేసుకోవడం.