పేరు పెట్టడం కూడా కొలతలో భాగమే

గత నెలలో మూడు వారాల పాటు నేను ఒకే ఒక్క అంకె వెంట తిరిగాను. ఆ అంకె 2.1. తూర్పు తీరంలో దాదాపు ముప్ఫై ఏళ్ల కిందట ఒక నౌకాయాత్రలో సేకరించిన నీటి నమూనాల ఫైలులో అది ఉంది. ఆ కాలమ్ తలపై ‘డీవో’ అని మాత్రమే రాసి ఉంది. అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్. ఏ యూనిట్‌లో కొలిచారో ఫైలులో ఎక్కడా లేదు. ఆ రోజుల్లో కొందరు లీటరుకు మిల్లీలీటర్లలోనూ, మరికొందరు లీటరుకు మిల్లీగ్రాములలోనూ రాసుకునేవారు. ఒక మిల్లీలీటరు ఆక్సిజన్ అంటే సుమారు 1.43 మిల్లీగ్రాములు. కాబట్టి ఆ 2.1 మిల్లీగ్రాములైతే, ప్రాణవాయువు కొరతకు హద్దుగా సాధారణంగా చెప్పే 2 మిల్లీగ్రాముల అంచున ఆ నీరు ఉన్నట్టు. మిల్లీలీటర్లయితే అది 3 మిల్లీగ్రాములు, అంటే చాలా చేపలు ఇబ్బంది పడుతూనైనా బతకగలిగిన నీరు. ఇవాళ అదే చోట కొలిచి లీటరుకు 2.1 మిల్లీగ్రాములు వచ్చిందనుకోండి. మొదటి లెక్కన ముప్ఫై ఏళ్లలో ఏమీ మారలేదు, రెండో లెక్కన సముద్రం దాదాపు మూడో వంతు ప్రాణవాయువును పోగొట్టుకుంది.

పై నీటి విలువలు కూడా ఉండి ఉంటే యూనిట్‌ను ఊహించగలిగేదాన్ని. మన తీరంలో 28 డిగ్రీల దగ్గర ఉండే ఉప్పునీరు గాలి నుంచి తీసుకోగలిగిన ఆక్సిజన్ లీటరుకు సుమారు 4.5 మిల్లీలీటర్లు, అంటే సుమారు 6.5 మిల్లీగ్రాములు. పైనున్న విలువ ఈ రెండింటిలో దేనికి దగ్గరగా ఉందో చూస్తే సంగతి తేలిపోతుంది. కానీ నా దగ్గరికి వచ్చిన ఫైలులో అడుగు నీటి విలువలు మాత్రమే ఉన్నాయి. చివరికి ఆ యాత్రలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన చెన్నై శివారులోని తాంబరంలో ఉంటారని తెలిసి వెళ్లాను. ఆయన అటక మీద నుంచి పాలిథిన్ సంచీలో చుట్టిపెట్టిన నోటుపుస్తకం దించారు. నీటిలోని ఆక్సిజన్‌ను రసాయనాలతో కొలిచే వింక్లర్ పద్ధతిలో చేసిన టైట్రేషన్లు, బ్యూరెట్ రీడింగులు, ఉప్పుగాలికి అంచులు ముడుచుకుపోయిన పేజీలు. ఒక పేజీ మూలన నీలి సిరాతో ‘మి.లీ./లీ.’ అని ఉంది. నేను ఊపిరి పీల్చుకున్నాను. “ఇది ఫైలులో ఎందుకు రాయలేదు సార్?” అని అడిగితే ఆయన ఏమాత్రం దాచకుండా, “మా అందరికీ తెలిసిన విషయమే కదమ్మా, ప్రత్యేకంగా రాయాలని తోచలేదు” అన్నారు.

ఆ ‘అందరూ’ ఆ నౌకలో ప్రయోగశాల బల్ల చుట్టూ నిలబడిన ఆరుగురు. నేను ఆయనను తప్పు పట్టడం లేదు. ఉయ్యాలలా ఊగే ఓడలో, రాత్రి రెండు గంటలకు, సీసాలోకి గాలి బుడగ చేరకుండా నమూనా పట్టి, రసాయనం కలిపి, కచ్చితంగా కొలిచిన మనిషి ఆయన. కొలతలో లోపం లేదు. లోపమల్లా, కొలిచినదానికి పేరు పెట్టడం కొలత అయిపోయాక చేసుకునే గుమాస్తా పని అనే భావనలో ఉంది. ఈ పోస్ట్ రాస్తున్నది ఆ భావన మీదే. సముద్ర శాస్త్రంలో ఉమ్మడి పదకోశాలు, మెటాడేటా (డేటా గురించిన వివరాలు) ప్రమాణాలు కంప్యూటర్ విభాగం వాళ్ల వ్యవహారం కాదు. ఏది, దేనిలో, ఏ పద్ధతిలో, ఏ యూనిట్‌లో కొలిచామో చెప్పలేని అంకె అసలు కొలతే కాదని నేను నమ్ముతున్నాను.

యూనిట్లది తేలికైన సమస్య. సమయం సంగతి చూడండి. చెన్నై తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. నీటిమట్టాన్ని కొలిచే టైడ్ గేజ్ ఫైలులో గంటలు భారత ప్రామాణిక సమయమో, ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీయో రాయకపోతే వచ్చే తేడా అయిదున్నర గంటలు. పోటు నుంచి పాటుకు పట్టే సమయం ఆరు గంటల పైచిలుకు కాబట్టి, ఆ ఒక్క మాట లేకపోవడం వల్ల నీరు ఎక్కుతున్న చోట దిగుతున్నట్టు కనిపిస్తుంది. పైగా గ్రాఫ్ గీస్తే ఎంతో నునుపుగా, అందంగా వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. నన్ను ఎక్కువగా భయపెట్టేవి ఇలాంటి తప్పులే.

నాణ్యతా గుర్తుల విషయంలోనూ ఇంతే. సముద్రంలో తేలుతూ, మునుగుతూ కొలతలు తీసుకునే ఆర్గో ఫ్లోట్ల డేటాలో విలువ పక్కన 1 అని ఉంటే అది మంచి విలువ. వరల్డ్ ఓషన్ డేటాబేస్‌లో 0 అంటే అంగీకరించిన విలువ, 1 అంటే పరిధి దాటి పరీక్షలో తప్పిన విలువ. వోస్ అనే అంతర్జాతీయ సముద్ర పరిశోధన కార్యక్రమపు నీటి నమూనాలలో మంచి విలువకు గుర్తు 2. మూడు ఫైళ్లనూ ఒకచోట కలిపి ‘1 ఉన్నవే ఉంచు’ అని ఒక్క ఆజ్ఞ ఇచ్చిన విద్యార్థి, మంచివాటిలో చాలావాటిని పారేసి చెడ్డవాటిని దాచుకుంటాడు. ఆ పిల్లవాడికి అది ఎవరు చెప్పాలి? ఆ గుర్తు ఏ జాబితాకు చెందినదో ఫైలే చెప్పాలి.

‘సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత’ అనే మాట అందరికీ అర్థమైనట్టే ఉంటుంది. కానీ ఏ ఉపరితలం? ఉపగ్రహం పరారుణ కిరణాలతో చూసేది మిల్లీమీటరులో వందో వంతు పాటి మందమున్న పై పొరను. నీటి మీద తేలే పరికరం, బాయ్, కొలిచేది కొంత లోతున. పగటి ఎండ ప్రభావం సోకని లోతులోని ఉష్ణోగ్రత ఇంకొకటి. గాలి లేని మధ్యాహ్నం వీటి మధ్య తేడా డిగ్రీకి పైగా కూడా ఉండవచ్చు. 1945లో ప్రపంచ సముద్రాల సగటు ఉష్ణోగ్రత ఒక్కసారిగా సుమారు 0.3 డిగ్రీలు పడిపోయినట్టు రికార్డులలో కనిపించేది. అది సముద్రం చల్లబడటం కాదని 2008లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపించింది. యుద్ధకాలంలో ఎక్కువ కొలతలు అమెరికా ఓడల ఇంజన్లలోకి వచ్చే నీటివి. యుద్ధం ముగిశాక బకెట్లతో తోడి కొలిచే బ్రిటిష్ ఓడల వాటా మళ్లీ పెరిగింది. బకెట్‌లోని నీరు ఆవిరవుతూ చల్లబడుతుంది. ‘ఎలా కొలిచారు’ అనే ఒక్క గడి ప్రతి కొలతకూ నిండి ఉంటే ఇంత కాలం పట్టేది కాదు.

వీటికి మందు లేదా అంటే, ఉంది. వాతావరణ, సముద్ర డేటా ఫైళ్లలో దేనిని ఏ పేరుతో రాయాలో చెప్పే సీఎఫ్ ఒప్పందాలు ఉన్నాయి. నేను పైన చెప్పిన పలు రకాల ఉపరితల ఉష్ణోగ్రతలకు వాటిలో వేర్వేరు ప్రామాణిక నామాలు, ప్రతిదానికీ నిర్వచనం ఉన్నాయి. బ్రిటిష్ ఓషనోగ్రాఫిక్ డేటా సెంటర్ నడిపే ఎన్‌ఈఆర్‌సీ వొకాబ్యులరీ సర్వర్ అనే ఆన్‌లైన్ పదకోశంలో పదుల వేల పారామితులకు కోడ్‌లున్నాయి. ప్రతి కోడ్ వెనుకా ఏ గుణం, ఏ పదార్థానిది, ఏ మాధ్యమంలో, అవసరమైతే ఏ పద్ధతిలో అనే విభజన ఉంటుంది. కోడ్‌కు శాశ్వతమైన చిరునామా ఉంటుంది, అర్థం మారితే పాత కోడ్‌ను దిద్దకుండా కొత్తది ఇస్తారు. కావలసిన పదం లేకపోతే అడగవచ్చు. ఎవరైనా ప్రతిపాదించవచ్చు, అందరి ముందూ చర్చ జరుగుతుంది. ఒక్కో పదం మీద నెలల తరబడి వాదించుకోవడం నేను చూశాను. అది కాలయాపన అని నాకెప్పుడూ అనిపించలేదు.

జీవుల విషయానికి వస్తే నాకు చెన్నైలోని కాశిమేడు గుర్తొస్తుంది. మా అమ్మది విశాఖ. పోయిన ఏడాది ఆమెను కాశిమేడు చేపల రేవుకు తీసుకెళితే, వెళ్లగానే “కోనాం ఉందా?” అని అడిగింది. చేపలమ్మే ఆమెకు అర్థం కాలేదు. పక్కనే బల్ల మీద పెద్ద వంజిరం మెరుస్తూ ఉంది, రెండూ ఒకటే చేప. ఇంకో బుట్టలోని కానగుర్తల దగ్గర మాత్రం ఇద్దరికీ సగం కలిసింది, ఎందుకంటే తమిళంలో దానిని కానాంగెళుత్తి అంటారు. కన్నడ తీరంలో అది బంగుడె, కేరళలో అయల. కానీ శాస్త్రనామం రాస్ట్రెల్లిగర్ కానగుర్త! విశాఖపట్నంలో చేపలను సేకరించి బొమ్మలు వేయించిన పాట్రిక్ రస్సెల్, 1803లో వచ్చిన తన గ్రంథంలో స్థానిక జాలర్ల పేర్లనే ఉంచాడు. 1816లో ఫ్రెంచ్ జీవశాస్త్రవేత్త కువియే ఆ పేరునే శాస్త్రనామంలోకి తీసుకున్నాడు. ప్రపంచంలో ఏ దేశపు సముద్ర జీవశాస్త్రవేత్త అయినా ఆ చేప పేరు రాస్తే మన జాలరి మాట రాయాల్సిందే.

అందుకే ఉమ్మడి పదకోశం అంటే పరాయి పదకోశం అనే వాదనను నేను ఒప్పుకోను. బెల్జియంలోని ఆస్టెండ్ నుంచి నడిచే సముద్ర జీవుల ప్రపంచ జాబితా, వర్మ్స్, ప్రతి పేరుకూ ఒక సంఖ్య ఇచ్చి, పాత పేర్లను ఇప్పుడు చెల్లుబాటయ్యే పేరుకు కలుపుతుంది. పాత ఫైళ్లలో హిల్సా ఇలీషా అని ఉన్నదీ, కొత్త ఫైళ్లలో టెన్యువలోసా ఇలీషా అని ఉన్నదీ ఒకే జీవి అని అది చెబుతుంది. అయితే గోదావరిలోకి ఎదురీది వచ్చాక మనం దానిని పులస అంటాం. ఆ మాటలో జాతి ఒక్కటే లేదు, చోటూ ఋతువూ కూడా ఉన్నాయి. పులస అని రాసిన రికార్డును ఊరికే జాతినామంగా మార్చేస్తే ఆ రెండూ పోతాయి. జీవుల రికార్డులు రాసే డార్విన్ కోర్ ప్రమాణంలో శాస్త్రనామానికి, వాడుక పేరుకు, స్థలానికి, తేదీకి వేర్వేరు గడులున్నాయి, నాలుగూ నింపాలి. తెలుగు, తమిళ పేర్లు ఆ జాబితాలలో పలచగా ఉన్నాయంటే, చేర్చాల్సింది మనమే.

“మన సముద్రానికి మన సొంత ప్రమాణం కావాలి” అని ఒక సమావేశంలో ఒక పెద్దమనిషి గట్టిగా అన్నప్పుడు చప్పట్లు మోగాయి. నాకు బాధ కలిగింది. మనకు అవసరమైన పదాలు లేవనడం న్యాయమే. అందుకని వేరే జాబితా మొదలుపెడితే, మన డేటాను మనం తప్ప ఎవరూ చదవలేరు, పదేళ్ల తర్వాత మనమూ చదవలేము. ఆర్గోలో ఎన్నో దేశాలు ఒకే ఫార్మాట్‌కు కట్టుబడ్డాయి. మన ఫ్లోట్ల డేటాను హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అదే ఫార్మాట్‌లో ప్రపంచానికి అందిస్తోంది. అందువల్లే జపాన్ వదిలిన ఫ్లోట్ బంగాళాఖాతంలో ఏం కొలిచిందో విశాఖలోని విద్యార్థి ఎవరినీ అడగకుండా చదువుకోగలుగుతున్నాడు.

ఇంకొక మాట, ఇది కాస్త కోపంతోనే రాస్తున్నాను. పరిశోధన పత్రానికి పేరు వస్తుంది, పదోన్నతి వస్తుంది. ఫైలుకు సరైన మెటాడేటా రాసిన అమ్మాయికి ఏమీ రాదు. నాతో పనిచేసిన ఒక జూనియర్ ఎనిమిది నెలలు కూర్చుని నాలుగు వందలకు పైగా పాత కాలమ్ పేర్లను ప్రామాణిక కోడ్‌లకు జతచేసింది. ఆ డేటాతో వచ్చిన పత్రంలో ఆమె పేరు కృతజ్ఞతలలో కూడా లేదు. ప్రాజెక్టు ప్రతిపాదనల్లో ఓడకు, పరికరానికి, ప్రయాణానికి పద్దులుంటాయి, ఈ పనికి ఉండదు. ఉండాలి. ఓడ బయలుదేరక ముందే ఏ పదాలు వాడతామో తేల్చుకునే రెండు రోజుల సమావేశానికీ, తిరిగి వచ్చాక ఆ పని చేసే మనిషి జీతానికీ పద్దు ఉండాలి.

తాంబరం నోటుపుస్తకంలోని అన్ని పేజీలూ స్కాన్ చేశాం. ఆ కాలమ్‌కు ఇప్పుడు కోడ్ ఉంది, యూనిట్ ఉంది, వింక్లర్ పద్ధతి అని రాసి ఉంది. అదే యాత్రలోని మరో రెండు స్టేషన్ల పేజీలు మాత్రం ఆ పుస్తకంలో లేవు, ఇంకొకరి దగ్గర ఉండి ఉంటాయని సార్ అన్నారు. 1980లలో, 90లలో తూర్పు తీరంలో ట్రాలర్ల మీదో, పరిశోధన నౌకల మీదో పనిచేసినవారు, లేదా వారి పిల్లలు ఇది చదువుతుంటే ఒక్క విన్నపం. ఇల్లు మారేటప్పుడు ఆ పాత నోటుపుస్తకాలను పాత పేపర్లవాడికి వేయకండి. ముందు మొదటి పేజీని, యూనిట్లు రాసిన పేజీని ఫొటో తీసి నాకు పంపండి. చేతిరాత ఎలా ఉన్నా ఫర్వాలేదు, చదువుకుంటాను.