బీచ్ పక్కన స్టీల్‌కీ తుప్పు తప్పదు

లోహాల తుప్పు గురించి ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో స్టెయిన్‌లెస్ స్టీల్‌కి తుప్పు పట్టదని ఒక్క ముక్కలో తేల్చేశారు. చెన్నైలో బెసంట్ నగర్ బీచ్ దగ్గరి బాల్కనీ గ్రిల్స్ చూస్తే ఆ మాట అనరు. ఆ స్టీల్‌ని కాపాడేది అందులోని క్రోమియం. కనీసం 10.5 శాతం ఉంటే పైన కంటికి కనిపించనంత పలచటి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. గీత పడినా గాలి తగిలితే అదే మళ్లీ కట్టుకుంటుంది. సముద్రపు గాలిలోని ఉప్పు, అంటే క్లోరైడ్, ఆ పొరను అక్కడక్కడా తూట్లు పొడుస్తుంది. మామూలు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ మీద గోధుమ రంగు మచ్చలు తేలేది అందుకే. 316 రకంలో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం కూడా ఉంటుంది కాబట్టి అది నయం. ధర ఎక్కువ, అడిగితే గానీ షాపువాళ్లు చెప్పరు!

ఆ వ్యాసంలో చర్యాశీలత శ్రేణి (త్వరగా చర్య జరిపే లోహాలు పైన ఉండే వరుస) భాగం బాగుంది. కానీ అల్యూమినియం ఇనుము కంటే పైన ఉండి కూడా కిటికీ ఫ్రేములకు ఎలా పనికొస్తుందో చెప్పాల్సింది. అక్కడా ఆక్సైడ్ పొరే. జింక్ పూత కథ వేరు, తాను అరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది.

మా అపార్ట్‌మెంట్‌లో స్టీల్ గ్రిల్‌కి మామూలు ఇనుప స్క్రూలు బిగించారు. గ్రిల్ బాగానే ఉంది, స్క్రూలు పొడి పొడిగా రాలుతున్నాయి. రెండు లోహాలు ఉప్పు తేమలో కలిస్తే ఎక్కువ చర్యాశీలత ఉన్నదే ముందు పోతుంది మరి.