వాళ్ళ ముద్ద వాళ్ళ చేతికి ఇవ్వండి

విజయనగరంలో పసిపిల్లలున్న ఏ ఇంటి ముందు నుంచి వెళ్ళినా రాత్రి ఏడు దాటాక ఒకే రకం మాటలు వినిపిస్తాయి. "ఇదొక్కటే, ఇంకొక్క ముద్ద, నోరు తెరువమ్మా, అదుగో బూచాడు." గిన్నె పట్టుకున్న తల్లి వరండా నుంచి మేడ మెట్ల దాకా తిరుగుతూ ఉంటుంది, రెండేళ్ళ బిడ్డ ముందు పరుగెడుతూ ఉంటుంది, బుగ్గలో దాచుకున్న ముద్ద ఎంతసేపటికీ లోపలికి దిగదు, చివరికి ఎవరో ఫోను తెచ్చి కళ్ళ ముందు పెట్టగానే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ఈ తంతునంతా మనం ప్రేమ అంటున్నాం. ఇద్దరు పిల్లలను ఇంట్లో పెంచుతున్న తల్లిగా నేను దీనిని ఒప్పుకోను. ఏం వండాలో, ఎన్ని గంటలకు పెట్టాలో, ఎక్కడ కూర్చోబెట్టాలో పెద్దవాళ్ళం నిర్ణయించాలి. ఎంత తినాలో, ఆ పూట అసలు తినాలో వద్దో బిడ్డకు వదలాలి. ముద్ద కూడా బిడ్డ చేతికే ఇవ్వాలి. ఇది నేను కనిపెట్టిన సూత్రం కాదు. ఎలిన్ శాటర్ అనే అమెరికా పోషకాహార నిపుణురాలు దశాబ్దాలుగా చెబుతున్నదే. మా పెద్దత్తగారు, నరసన్నపేట వైపు పల్లెలో పదిమంది పిల్లల మధ్య బతికిన మనిషి, ఆ పేరు ఎన్నడూ వినకుండానే ఇదే మాట చెప్పారు: "ఆకలేస్తే అదే తింటాది, ఒగ్గీయమ్మా."

వదిలేస్తే అసలు తినరని అందరూ అంటారు. ఈ భయం ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు. మూడు కిలోల బరువుతో పుట్టిన బిడ్డ ఏడాది నిండేసరికి దాదాపు మూడింతలై తొమ్మిది కిలోలకు వస్తుంది. రెండో ఏడాదిలో మాత్రం మొత్తం మీద రెండు, రెండున్నర కిలోలే పెరుగుతుంది, ఆ తర్వాత ఏటా రెండు కిలోల చొప్పున. ఎదుగుదల వేగం తగ్గినప్పుడు ఆకలి కూడా తగ్గడం శరీర ధర్మం. మొదటి పుట్టినరోజు దాటిన కొద్ది నెలలకే "ఇదివరకు బాగా తినేది, ఇప్పుడు మానేసింది" అని ప్రతి తల్లీ చెప్పడానికి కారణం ఇదే. దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసినా, ఆకలి మందు కావాలని డాక్టరును బతిమాలినా, ఆ వయసులో తగ్గిన ఆకలి తగ్గినట్టే ఉంటుంది, ఎందుకంటే అది రోగం కాదు.

అయినా తల్లి భయపడుతుంది, ఎందుకంటే బిడ్డ బుగ్గలే ఆమెకు మార్కులు. విజయదశమి తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది గనుక ఆ రోజుల్లో మా ఊళ్ళో చుట్టాలు రాని ఇల్లు ఉండదు. అమ్మవారి దర్శనం అయ్యాక, భోజనాలయ్యాక, తాంబూలం నములుతూ పెద్దవాళ్ళు చేసే పని పిల్లలను పక్కపక్కన నిలబెట్టి చూడటం. "ఏటమ్మా, గుంట అలాగ సిక్కిపోనాది, తిండెట్టట్నేదేటి?" అన్న ఒక్క మాటతో ఆ తల్లి ఏడాది పొడుగునా చేసిన చాకిరీ అంతా కొట్టుకుపోతుంది. మర్నాటి నుంచి ఆమె గిన్నెతో మళ్ళీ వెంటపడుతుంది. అన్నవాళ్ళకు చెడు ఉద్దేశం లేదు, ఆకలి చూసిన తరం వాళ్ళది, బొద్దుగా ఉన్న బిడ్డ అంటే బతికే బిడ్డ అని నమ్మిన కాలం వాళ్ళది. కానీ ఆ మాటకు జవాబు బిడ్డ గొంతులో కుక్కే ముద్ద కాకూడదు.

జవాబు అంగన్‌వాడీలో ఉంది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద నడిచే ఆ కేంద్రాల్లో బిడ్డ బరువు తూచి ఎదుగుదల పటంలో గుర్తు పెడతారు. ఆడపిల్లలకు, మగపిల్లలకు వేర్వేరు పటాలు ఉంటాయి. ఆ గీత తన దారిలో పైకి పోతూ ఉంటే పక్కింటి పిల్లాడు ఎంత లావుగా ఉన్నా మనకు సంబంధం లేదు. గీత వరుసగా కిందికి వంగుతున్నా, బిడ్డ ఆటలు మాని నీరసంగా పడుకుంటున్నా, విరేచనాలో జ్వరమో పదేపదే వస్తున్నా అప్పుడు ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆ కేంద్రంలోనే ఇంకో సంగతి కూడా చూడండి. ఇంట్లో ముద్దముద్దకూ ఏడిపించే మూడేళ్ళ పిల్ల అక్కడ నలుగురితో పంక్తిలో కూర్చొని, వేడివేడి అన్నం, పప్పు, గుడ్డు తన చేత్తో తిని, కంచం తీసుకెళ్ళి కడిగేచోట పెట్టి వస్తుంది. ఆ పిల్లకు తినడం రాదని మనం ఎలా అంటాం?

ఈ విషయం మీద నన్ను బాగా ఆకట్టుకున్న పని క్లారా డేవిస్ అనే వైద్యురాలిది. అమెరికాలో 1926లో మొదలుపెట్టి, తల్లిపాలు మానే వయసున్న పదిహేను మంది పసిపిల్లల ముందు ఆమె రకరకాల ఆహార పదార్థాలు గిన్నెల్లో పెట్టించింది. దాదులు దగ్గర ఉండేవారు గానీ ఇది తిను, అది వద్దు అని చెప్పకూడదు. బిడ్డ చెయ్యి చాచిన దానినే అందించాలి. ఒక పూట నారింజ రసం, కాలేయం, ఒక పూట గుడ్లు, అరటిపండ్లు, పాలు, ఇలా పూటపూటకూ పొంతన లేకుండా తిన్నట్టు కనిపించినా ఆ పిల్లలందరూ ఆరోగ్యంగా పెరిగారని 1939లో ఆమె నివేదించింది. అయితే అసలు కిటుకు పదార్థాల జాబితాలోనే ఉందని కూడా ఆమే చెప్పింది: అందులో పాలు, గుడ్లు, మాంసం, ధాన్యం, కూరలు, పండ్లు ఉన్నాయి, చక్కెర గానీ మిఠాయిలు గానీ లేవు. పిల్లలకు స్వేచ్ఛ ఇవ్వమని నేను అంటున్నది ఈ హద్దులోనే. బిస్కెట్ల పాకెట్టు, కుర్కురే పొట్లం ముందు పెట్టి ఎంచుకోమనడం స్వేచ్ఛ కాదు.

మా ఇంట్లో హద్దు లోపల ఉన్నవి చాలానే. చోళ్ళ (రాగుల) పిండితో కాచిన జావ, పెసరకట్టు, నెయ్యి వేసిన పప్పన్నం, ఆనపకాయ కూర, ఉడికించిన చిలగడదుంప, గుడ్డు, ముల్లు తీసిన చేపముక్క, వేసవిలో మామిడిపండు. నూరు గ్రాముల చోళ్ళలో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. మన చేలల్లో పండే ఈ గింజను పక్కనపెట్టి డబ్బాలో పొడి కొనేవాళ్ళను చూస్తే నాకు బాధ కలుగుతుంది. కొత్త కూర పెట్టినప్పుడు బిడ్డ ఉమ్మేస్తే అది శాశ్వత నిరాకరణ అనుకోకూడదు. పది, పదిహేను సార్లు కంచంలో కనిపిస్తే గానీ కొన్ని రుచులు పిల్లలకు చుట్టాలు కావు.

తన చేత్తో తినే బిడ్డను చూడటంలో ఉన్న ఆనందం గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. మూడేళ్ళు నిండబోతున్న మా అమ్మాయి ఆనపకాయ ముక్కను ముందు వేలితో నొక్కి చూస్తుంది, మెత్తబడిందని నమ్మకం కుదిరాకే నోట్లో పెట్టుకుంటుంది. ములక్కాడ గుజ్జును పళ్ళతో గీరుకొని పిప్పిని కంచం అంచున వరుసగా పేరుస్తుంది, వరుస చెడితే మళ్ళీ సర్దుతుంది. మొదటి ముద్ద తన నోటికి, రెండోది పక్కన కూర్చున్న తాతయ్య నోటికి పెట్టడం తన లెక్క, ఆయన వద్దంటే ఊరుకోదు. వేళ్ళతో పట్టుకోవడం, వేడిని తెలుసుకోవడం, ఎంత పెద్ద ముద్ద తన నోట పడుతుందో కొలుచుకోవడం, ఇక చాలని కడుపు చెప్పినప్పుడు చెయ్యి ఆపడం అన్నీ ఆ కంచంలోనే నేర్చుకుంటోంది. బడిలో అక్షరాలు దిద్దే వేళ్ళకు బలం కూడా ఇక్కడి నుంచే వస్తుంది. వెంటపడి తినిపించిన ప్రతి పూటా ఈ చదువులో ఒక పాఠం మనమే ఎగ్గొట్టిస్తున్నాం.

అవస్థలూ తక్కువేం కాదు. పెరుగు గిన్నె తలమీద బోర్లించుకుంటుంది. తాతయ్య కళ్ళజోడు పెట్టెలో చోడి జావ పోసి మూత పెడుతుంది. అప్పుడే ఉతికి కట్టిన కర్టెనుకు పప్పు చేతులు తుడుస్తుంది, చాప కింద దాచిన మెతుకుల కోసం చీమలు బారులు తీరుతాయి. తొమ్మిది, పది నెలల్లో చూపుడువేలు, బొటనవేలు కలిపి మెతుకు ఏరుకోవడం మొదలైన నాటి నుంచి ఏడాదిన్నర దాటే దాకా నేల మీద పడేదే ఎక్కువ. నేల తుడవచ్చు.

నిజంగా భయపడాల్సినవి వేరే ఉన్నాయి, వాటిని మనం పట్టించుకోం. పలాస నుంచి వచ్చిన చుట్టం ప్రేమగా తెచ్చిన జీడిపప్పును పలుకులుగానే రెండేళ్ళ బిడ్డ గుప్పిట్లో పోస్తాం. వేరుశనగ గింజలు, గుండ్రని ద్రాక్ష, రేగుపండు, సీతాఫలం గింజ వంటివి నాలుగైదేళ్ళ లోపు పిల్లల గొంతుకు అడ్డం పడతాయి. జీడిపప్పయితే పొడి చేసి జావలో కలపవచ్చు, ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు కోయవచ్చు. బిడ్డ పరుగెత్తుతున్నప్పుడు, నవ్వుతున్నప్పుడు, ఏడుస్తున్నప్పుడు నోట్లో ముద్ద కుక్కడం అన్నిటికంటే ప్రమాదం. పొలమారి గట్టిగా దగ్గుతున్నంతసేపు దగ్గనివ్వాలి, వేళ్ళు పెట్టి కెలకకూడదు. శబ్దం ఆగిపోయి ఊపిరి అందకపోతే మాత్రం ఒక్క క్షణం కూడా ఆగకూడదు. ఏడాది లోపు బిడ్డనైతే ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా పడుకోబెట్టి వీపు మీద భుజాల మధ్య ఐదు దెబ్బలు, ఫలితం లేకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య ఒక అరచేతి మడమతో ఐదు నొక్కులు, ఇంతలో ఇంకొకరు 108కి ఫోను చేయాలి. ఏడాది దాటిన పిల్లలకు పద్ధతి వేరు గనుక టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు ఆరోగ్య కార్యకర్తను చేసి చూపించమని అడగండి. ఏడాది నిండకుండా తేనె నాకించవద్దు, అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసికందుకు ప్రాణాంతకం కావచ్చు. నేల మీద భోజనాలు చేసే ఇళ్ళలో మరుగుతున్న సాంబారు గిన్నె బిడ్డకు అందేంత దూరంలో దించవద్దు. ఒళ్ళు కాలితే టూత్‌పేస్టు పూయకుండా ఇరవై నిమిషాల పాటు కుళాయి నీటి ధార కింద ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఫోను మాటకు వస్తాను. మనల్ని పెంచినవాళ్ళు చందమామను చూపించి తినిపించలేదా, ఇది మాత్రం తప్పా అని వాదించేవారున్నారు. చందమామను చూపించే అమ్మ కళ్ళు బిడ్డ నోటి మీదే ఉండేవి, బిడ్డ తల తిప్పితే కథ ఆగేది, అమ్మ గొంతు మారేది. ఫోనులో బొమ్మ ఎవరి కోసమూ ఆగదు. తెర చూస్తూ నమిలే బిడ్డకు తానేం తిన్నదో, కడుపు ఎప్పుడు నిండిందో తెలియదు, తల్లికీ తెలియదు. రెండేళ్ళు నిండని పిల్లలకు తెర వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంటకు మించకూడదనీ, అంతకంటే తగ్గితే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మూడు పూటల భోజనాలకే మనం ఆ గంటలో చాలా భాగం ఖర్చుచేస్తున్నాం.

అన్నం తినలేదు కదా అని భోజనం కాగానే సీసాడు పాలు పట్టడం ఇంకో పొరపాటు ఆచారం. ఏడాది దాటిన బిడ్డకు రోజుకు అరలీటరు మించి పాలు పడితే కడుపు దానితోనే నిండుతుంది, ఇనుము అందక రక్తహీనత రావచ్చు, రక్తహీనత వల్ల ఆకలి ఇంకా చస్తుంది, అప్పుడు మళ్ళీ పాలే పడతాం. భోజనానికి రెండు గంటల ముందు నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వకుండా చూడండి, ఆకలి తన పని తాను చేస్తుంది.

అన్నప్రాశన నాడు మనం ఎంత ఉదారంగా ఉంటామో గుర్తు తెచ్చుకోండి. అరసవల్లి గుడిలోనో, రామతీర్థంలోనో, ఇంట్లోనో బిడ్డ ముందు పుస్తకం, కలం, బంగారం, కత్తి పెట్టి, ఏది పట్టుకుంటే అదే శుభమని చప్పట్లు కొడతాం. బతుకుతెరువునే ఎంచుకోమని ఆ పసి చేతికి అధికారం ఇచ్చిన పెద్దలు, మర్నాటి నుంచి పప్పు ముద్దా పెరుగు ముద్దా అన్నది ఎంచుకోనివ్వరు.

ఇంత చెప్పినా తల్లులు ఎందుకు ఒప్పుకోరంటే, పడిన మెతుకులు ఏరేది వాళ్ళే గనుక. బిడ్డ తన చేత్తో తింటే నలభై నిమిషాలు, తినిపిస్తే పదిహేను నిమిషాలు. ఆ తర్వాత నేల, గోడ, బట్టలు, బిడ్డ అన్నీ కడగాలి. పొద్దున్నే ఎనిమిదింటి బస్సుకు పరుగెత్తే అమ్మకు ఈ ఉపదేశం చేసే హక్కు నాకు లేదు, ఆ ఇంట్లోని మిగతావాళ్ళు కదలనంతకాలం. అందుకే ఇది తల్లులకు చెప్పాల్సిన మాట కాదు, తండ్రులకూ తాతలకూ చెప్పాల్సిన మాట. మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక చాప దులిపి నేల తుడవడం నా భర్త పని, కంచాలు తీయడం మా అబ్బాయి పని. కనీసం ఒక్క రాత్రి భోజనమైనా అందరూ ఒకేసారి కూర్చుంటే బిడ్డ మనల్ని చూసి తింటుంది, ఎవరూ వెంటపడాల్సిన పని ఉండదు.

రాబోయే పెళ్ళిళ్ళలో పంక్తిలో కూర్చున్నప్పుడు బిడ్డకు కూడా ఒక ఆకు వేయించండి. పప్పు, నెయ్యి, కారం లేని కూర ముందుగా ఇటు తెమ్మని వడ్డించేవాళ్ళను అడగండి. పక్కన కూర్చున్న పెద్దమ్మగారు "నువ్వు తినిపించవేటమ్మా" అంటే, తనే తింటోంది పెద్దమ్మా అని మర్యాదగా చెప్పి మీ భోజనం మీరు చేయండి.